సంఘం పుస్తకంతో పాటు ఇంటి పుస్తకం కూడా రాద్దాం

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం. ఈ నివేదిక మండలం బయటికి కూడా వెళ్తుంది కాబట్టి ఆమె కోరిక మేరకు పేరు, ఊరు వేయలేదు.)



ప్రతి ఏడాదీ ఈ సమావేశంలో నేను మా ఊరి పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత అని చదివి కూర్చునేదాన్ని. ఈసారి ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. రక్తహీనత, బీపీ, షుగరు గురించి చెబుతుందిలే అని మీరు అనుకుంటూ ఉంటారు. అవి ఏఎన్ఎం అక్క ఎప్పుడూ చెబుతూనే ఉంటది. నేను ఇవాళ మా ఇంటి సంగతి చెబుతాను. ఇది మైకులో చెప్పే మాటేనా అని చాలా రోజులు ఆలోచించాను. మా ఆయన్ని అడిగాను, మా అక్కని అడిగాను. "నువ్వు చెప్పకపోతే ఇంకో ఇంట్లో కూడా మనలాగే ఆలస్యం చేస్తారు, చెప్పు" అని అక్కే అన్నది. అక్క ఇవాళ రాలేదు. పామాయిల్ గెలలు కోతకొచ్చాయి, కూలీలు దొరికిన రోజు వదులుకోదు. క్యాన్సర్ వచ్చి తగ్గి అయిదేళ్లయిన మనిషి తోటలో గెలలు లెక్కపెట్టుకుంటున్నది. ముందు ఆ మాట చెప్పి మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఈ జబ్బు పేరు చెప్పగానే అందరూ చావు గురించే మాట్లాడతారు.

మా అమ్మ 42 ఏళ్లకే పోయింది. రొమ్ములో గడ్డ వచ్చింది. నొప్పి లేదు, అందుకని ఎవరికీ చెప్పలేదు. తరవాత పసరు కట్టు కట్టించుకున్నది. పుండు పడ్డాక గానీ ఆసుపత్రికి తీసుకుపోలేదు. అప్పటికి నాకు 13 ఏళ్లు. ఊళ్లో ఎవరన్నా అడిగితే కడుపులో జబ్బు అని చెప్పమన్నది మా నాయనమ్మ. ముగ్గురం ఆడపిల్లలం. ఇట్లాంటి జబ్బున్న ఇల్లని తెలిస్తే పిల్లల్ని ఎవరు చేసుకుంటారని ఆమె భయం. ఆమెను తప్పు పట్టను. కానీ ఆ అబద్ధం మాకు ఎంత అలవాటైందంటే, డాక్టర్లు అడిగినా అదే చెప్పాం.

అక్కకు 36 ఏళ్లప్పుడు స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది. ఈసారి ఆలస్యం చేయలేదు. హైదరాబాద్ పోయాం. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేశారు, కీమో మందు ఎక్కించారు. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా?" అని మొదటి రోజే డాక్టరమ్మ అడిగింది. అక్క లేదన్నది. పక్కనే నిలబడి ఉన్న నేను కూడా లేదన్నాను. రెండు నెలల తరవాత కీమో ఎక్కుతుండగా ఒక నర్సమ్మ నెమ్మదిగా మళ్లీ అడిగితే అప్పుడు అక్క చెప్పింది. అమ్మకు రొమ్ములో, మా పెద్దమ్మకు అండాశయంలో. పెద్దమ్మది కూడా మేము కడుపు జబ్బనే చెప్పుకునేవాళ్లం.

ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారింది. అక్కకు రక్తం తీసి జన్యు పరీక్ష చేశారు. బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉందని తేలింది. తరవాత నాకు, మా చెల్లెలికి అదే లోపం ఉందేమో చూశారు. నాకు ఉంది. చెల్లెలికి లేదు. ఒక తల్లి కడుపున పుట్టిన ముగ్గురిలో ఇద్దరికి వచ్చింది, ఒకరికి రాలేదు.

జన్యువు అంటే ఏందో నాకు అర్థమైనట్టు చెబుతాను. మన ఒంట్లో కణాలు ఎప్పుడూ కొత్తవి పుడుతుంటాయి. పుట్టేటప్పుడు తప్పులు జరుగుతాయి. ఆ తప్పుల్ని సరిచేసే జన్యువులు కొన్ని ఉన్నాయి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అట్లాంటివి. లెక్కల పుస్తకంలో తప్పు పడితే ఆడిటర్ పట్టుకుంటాడు. ఆడిటరే సరిగా లేకపోతే తప్పులు పేరుకుపోతాయి. అట్లా పేరుకుంటే క్యాన్సర్ అవుతుంది. అమెరికాలో మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త రొమ్ము క్యాన్సర్ ఉన్న కుటుంబాల చరిత్రలు ఏళ్ల తరబడి సేకరించి, ఈ జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని 1990లో చూపించింది. అంతకు ముందు చాలామంది ఆ మాట నమ్మలేదు. ఎవరికి, ఏ వయసులో వచ్చిందని కుటుంబాలు చెబితేనే ఆమె ఆ పని చేయగలిగింది.

ఇప్పుడు ఎవరూ భయపడొద్దు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 100 మందిలో ఇట్లా పుట్టుకతో వచ్చిన లోపం వల్ల వచ్చేది 5 నుంచి 10 మందికే. మిగతావాళ్లకు అట్లా కాదు. కానీ ఆ లోపం ఉన్న ఆడమనిషికి మాత్రం ప్రమాదం చాలా ఎక్కువ. బీఆర్‌సీఏ1 లోపం ఉన్న 100 మందిలో 60 నుంచి 70 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వస్తుంది. అది చిన్న వయసులోనే, 30లలో, 40లలో రావచ్చు. అండాశయం క్యాన్సర్ కూడా రావచ్చు. లోపం ఉన్న తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. తండ్రి నుంచి కూడా అన్న మాట గుర్తుపెట్టుకోండి. మేనత్తకు వచ్చిన జబ్బు మనకేం సంబంధం అనుకోవద్దు. మేనరికం చేసుకున్నందువల్ల ఈ లోపం పుట్టదు. అయితే మేనరికం ఇళ్లలో అటూ ఇటూ ఒకే చుట్టరికం కాబట్టి రెండు వైపులా ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇక పరీక్షల విషయం. మనలో ఎక్కువ మందికి సరిపోయే పరీక్ష వేరు, మా ఇంటి లాంటి వాళ్లకు కావలసింది వేరు. ఈ తేడా చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ప్రభుత్వ కార్యక్రమంలో చేతితో రొమ్ము పరీక్ష చేస్తారు. అయిదేళ్లకు ఒకసారి చేయించుకోవాలి. చేతితో చూస్తే ఏం తెలుస్తుందిలే అని తీసిపారేయకండి. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు మురికివాడల్లోని లక్షన్నర మంది ఆడవాళ్లను 1998 నుంచి ఇరవై ఏళ్లు గమనించారు. వాళ్లలో సగం మందికి, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్లకు ఒకసారి చేతితో పరీక్ష చేశారు. ఆ కార్యకర్తలు డాక్టర్లు కారు. 50 దాటిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కూడా ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ వాళ్లు 2012 నుంచి 2016 దాకా పల్లెల్లో ఇట్లాంటి పరీక్షలే చేయించారు. కాబట్టి ఊళ్లో క్యాంపు పెడితే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు.

కానీ జన్యు లోపం ఉన్న చిన్న వయసు ఆడవాళ్లకు ఇది ఒక్కటే సరిపోదు. నెదర్లాండ్స్ దేశంలో వంశంలో ప్రమాదం ఉన్న 1,909 మందిని కొన్నేళ్లు వరసగా పరీక్షించి 2004లో లెక్క చెప్పారు. ముదిరే రకం క్యాన్సర్లు 100 ఉంటే చేతి పరీక్షలో దొరికినవి దాదాపు 18. మామోగ్రామ్‌లో 33. ఎమ్మారైలో దాదాపు 80. మామోగ్రామ్ అంటే రొమ్మును రెండు పలకల మధ్య కొద్దిగా నొక్కి తీసే ఎక్స్‌రే. వయసులో ఉన్నప్పుడు రొమ్ము గట్టిగా ఉంటుంది, ఎక్స్‌రేలో తెల్లగా కనపడుతుంది. గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది. పత్తి కుప్పలో దూది ఉండను వెతికినట్టే. అందుకే ఎమ్మారై కావాలి. దానికి ఎక్స్‌రే కిరణాలు ఉండవు, అయస్కాంతంతో తీస్తారు. చేతికి సూది వేసి ఒక మందు ఎక్కిస్తారు, బోర్లా పడుకోబెడతారు, లోపల పెద్ద చప్పుడు వస్తుంది. మొదటిసారి నాకు భయమేసి దేవుణ్ణి తలుచుకున్నాను. ఇప్పుడైతే నిద్ర పడుతున్నది.

లోపం ఉందని తేలినవాళ్లకు డాక్టర్లు సాధారణంగా చెప్పే పద్ధతి ఇట్లా ఉంటుంది. 25 ఏళ్ల నుంచి ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి డాక్టరు చేతితో చూడాలి. 25 నుంచి 29 దాకా ఏడాదికి ఒకసారి ఎమ్మారై. 30 దాటాక ఏడాదికి ఒక ఎమ్మారై, ఒక మామోగ్రామ్, రెండూ. ఇంట్లో ఎవరికైనా ఇంకా చిన్న వయసులో వచ్చి ఉంటే ముందే మొదలుపెట్టాల్సి రావచ్చు. బహిష్టు వచ్చే వాళ్లకు మొదటి రోజు నుంచి లెక్కపెట్టి 7 నుంచి 15వ రోజు మధ్యలో ఎమ్మారై తీస్తే బొమ్మ బాగా వస్తుంది. ఎమ్మారై కుదరనప్పుడు మామోగ్రామ్‌కు తోడు అల్ట్రాసౌండ్ చేస్తారు. అది ఎమ్మారై అంత గట్టిది కాదు, కానీ ఏదీ లేకపోవడం కంటే మేలు. గర్భంతో ఉన్నా, కిడ్నీ జబ్బు ఉన్నా ముందే చెప్పాలి.

ఒక నిజం చెప్పాలి. ఈ పరీక్షలు జబ్బును రాకుండా ఆపవు. వస్తే చిన్నగా ఉన్నప్పుడే పట్టిస్తాయి, అంతే. ఇంకో ఇబ్బంది, ఎమ్మారైలో జబ్బు కాని మచ్చలు కూడా కనపడతాయి. నాకు రెండో ఏడాది అట్లాగే మచ్చ కనపడితే సూదితో ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా పది రోజులు నేను అన్నం తిన్నది లేదు. చివరికి క్యాన్సర్ కాదన్నారు. ఇట్లా జరుగుతుందని ముందే తెలిసి ఉంటే అంత బెదిరేదాన్ని కాదు. అందుకే మీకు చెబుతున్నా.

జబ్బే రాకుండా ఆపరేషన్ దారి కూడా ఉంది. రెండు రొమ్ములూ ముందే తీయించుకుంటే ప్రమాదం 90 శాతానికి పైగా తగ్గుతుంది. ఏంజెలీనా జోలీ అనే ఇంగ్లీషు సినిమా హీరోయిన్ ఇదే బీఆర్‌సీఏ1 లోపం ఉందని తెలిసి అట్లా చేయించుకుని, 2013లో పత్రికలో అందరికీ చెప్పింది. వాళ్లమ్మ 56 ఏళ్లకు పోయింది. అంత డబ్బు, పేరు ఉన్న మనిషే చెప్పుకున్నప్పుడు మనకెందుకు సిగ్గు? అయితే అది ఎవరికి వాళ్లు ఆలోచించుకుని తీసుకోవాల్సిన నిర్ణయం. నేను ఆ ఆపరేషన్ చేయించుకోలేదు, ప్రతి ఏడాదీ పరీక్షలకు పోతున్నాను. రేపు మనసు మారొచ్చు, అది నా ఇష్టం అని డాక్టరమ్మే చెప్పింది.

అండాశయాల సంగతి వేరు. వాటిలో క్యాన్సర్‌ను ముందే పట్టే నమ్మకమైన పరీక్ష ఇప్పటికీ లేదు. అందుకని బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లకు పిల్లలు పుట్టాక 35, 40 ఏళ్ల మధ్యలో అండాశయాలు, వాటి నాళాలు తీయించుకోమని చెబుతారు. నేను 37 ఏళ్లకు చేయించుకున్నాను. ఇక్కడ మనం ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలంగాణ, పక్కన ఆంధ్ర ముందున్నాయి. తెల్లబట్ట అయినా, నడుం నొప్పి అయినా సంచి తీసెయ్యమనడం మామూలైపోయింది. గర్భసంచి తీసినంత మాత్రాన అండాశయాలు తీసినట్టు కాదు, రొమ్ము క్యాన్సర్ రాదని కూడా కాదు. అట్లాగే ఇవాళ నేను చెప్పింది విని, పరీక్ష లేకుండానే ఎవరూ ఆపరేషన్‌కు పరుగెత్తొద్దు. జన్యు లోపం ఉందని తేలి, నిపుణులు కూర్చోబెట్టి చెప్పాకే ఆ మాట.

మరి ఎవరు అనుమానపడాలి? రాసుకోండి. దగ్గరి రక్త సంబంధీకుల్లో ఎవరికైనా 50 ఏళ్ల లోపే రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే. ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి వచ్చి ఉంటే. ఒకే మనిషికి రెండు రొమ్ముల్లో వచ్చి ఉంటే. ఎవరికైనా అండాశయం క్యాన్సర్ వచ్చి ఉంటే. మగవాళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే. ఇందులో ఒక్కటి ఉన్నా డాక్టరుకు చెప్పి జన్యు పరీక్ష అవసరమా అని అడగాలి. వీలైతే జబ్బు వచ్చిన మనిషికే ముందు పరీక్ష చేయాలి. ఆమెలో లోపం ఫలానాదని తెలిస్తే, మిగతావాళ్లకు ఆ ఒక్కటే చూస్తే సరిపోతుంది. కొన్నిసార్లు ఫలితం ఇటూ అటూ తేలకుండా వస్తుంది. తేలని ఫలితం పట్టుకుని ఆపరేషన్లు చేయించుకోకూడదు.

ఎక్కడికి పోవాలి అంటే, ముందు మన ప్రభుత్వ ఆసుపత్రికే. అక్కడి నుంచి రాయించుకుని పెద్దాసుపత్రికి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి ఉంది. ఎన్టీ రామారావు గారి భార్య క్యాన్సర్‌తో పోయారు, ఆమె పేరు మీద కట్టింది. క్యాన్సర్ వైద్యం ఆరోగ్యశ్రీలో ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి దాని పరిమితి 10 లక్షలు చేశారు. జబ్బు రాకముందు చేసే పరీక్షలకు వర్తిస్తుందో లేదో ఆరోగ్యమిత్రను ముందే అడగండి, ఖర్చు ఎంతో కాగితం మీద రాసిమ్మనండి. అదే రోజు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు మర్చిపోవద్దు.

నా మొదటి ఎమ్మారైకి చేతిలో డబ్బు లేదు. మా సంఘం అంతర్గత అప్పు ఇచ్చింది. తీర్మానంలో "ఆరోగ్య అవసరం" అని మాత్రమే రాశారు. పది మందికీ తెలుసు, ఒక్కరి నోటి నుంచి కూడా బయటికి పోలేదు. కిస్తీలు కట్టేశాను. ఆ పది మంది ఇవాళ ఇక్కడే ఉన్నారు, వాళ్లకు దండం పెడుతున్నా.

చివరిగా ఒక మాట. మా అక్క కూతురికి 19 ఏళ్లు. సంబంధాలు వస్తున్నాయి. ఆ పిల్లకు లోపం ఉండొచ్చు, లేకపోవచ్చు, సగం సగం. పెళ్లయ్యేదాకా చెప్పొద్దని చుట్టాలు అంటున్నారు. మా నాయనమ్మ మాటే మళ్లీ వినపడుతున్నది. అక్క మాత్రం పిల్లను కూర్చోబెట్టి అంతా చెప్పింది. పిల్ల ఏడ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "25 వచ్చాక నేనే పరీక్ష చేయించుకుంటా, అప్పుడు నువ్వు తోడు రా పిన్నీ" అన్నది. వస్తానన్నాను. సంబంధం వాళ్లకు ఏం చెప్పాలనేది ఇంకా తేలలేదు. తేలిందని మీకు అబద్ధం చెప్పలేను. కానీ పిల్లకు తెలుసు. మా అమ్మకు, మాకు తెలియనిది ఆ పిల్లకు తెలుసు.

ఆరోగ్య ఉపసంఘం తరఫున నేను అడిగేది ఒక్కటే. పొదుపు పుస్తకం, అప్పుల పుస్తకం, మినిట్స్ పుస్తకం అన్నీ రాస్తున్నాం. ఈ నెలలో ప్రతి ఒక్కరూ ఇంటి దగ్గర ఒక నోటుబుక్కులో ఒక పేజీ రాయండి. అమ్మ వైపు, నాన్న వైపు, ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చింది, ఏ వయసులో వచ్చింది. పెద్దవాళ్లు బతికుండగానే అడగండి. "కడుపు జబ్బు" అంటే ఏ కడుపు జబ్బో గట్టిగా అడగండి. ఆ పేజీ సంఘంలో చదవాల్సిన పని లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. మీ కూతుళ్లకు చూపించండి. డాక్టరు అడిగిన రోజు తీసి ఇవ్వండి. మేము లేదని చెప్పిన మాట మీరు చెప్పొద్దు.

రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ తగిలినా, చర్మం లోపలికి గుంజుకున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, ఇంట్లో ఎవరికీ జబ్బు లేకపోయినా సరే, నొప్పి లేకపోయినా సరే, వారంలోపు ఆసుపత్రికి పోండి. తోడు లేకపోతే నాకు చెప్పండి, నేను వస్తాను. బస్సు ఎట్లాగూ ఉచితమే.